చాపలక్క కోయించిన తుంగ

చాపలక్కకు శుభ్రం పిచ్చి. ఆమె గడపలోకి చీమైనా కాళ్ళు కడుక్కునే రావాలని ఊళ్ళో ఎగతాళి. తుంగ చాపలు అల్లడం ఆమె పని. అల్లికలో ఒక్క పుల్ల వంకరపోతే చాప మొత్తం విప్పేసే రకం. చెరువులో పిట్టలకు వలలు వేయడం మానేసి, వాటిని చూడ్డానికి వచ్చేవాళ్ళకు పడవలు నడుపుదామని ఇంటింటికీ తిరిగి అందరినీ ఒప్పించింది ఆమే. అందరికంటే ఆఖరున మెత్తబడినవాడు సొంత మరిది.

తీరా మొదటి బృందం పది రోజుల్లో వస్తుందనగా ఆమెకు గట్టు చూసి సిగ్గేసింది. "చుట్టాలొస్తుంటే ఇల్లు ఊడ్చుకోమా? ఈ తుంగ అడ్డుంటే పిట్టలెలా కనిపిస్తాయి?" అంటూ ఆడవాళ్ళందరినీ కొడవళ్ళతో నీళ్ళలోకి దింపింది. మూడు రోజుల్లో గట్టు వెంట చెరువు అద్దంలా తేలింది. వారం తిరిగేసరికి నీటికోడి ఒక్కటి మిగల్లేదు.

వచ్చినవాళ్ళు బైనాక్యులర్లు పెట్టుకుని ఖాళీ నీళ్ళు చూశారు. వాళ్ళలో ఒక పెద్దావిడ, కోసేసిన తుంగ మొదళ్ళు చూపించి, "నీటికోళ్ళు గూళ్ళు కట్టుకునేది ఇందులోనే కదమ్మా," అంది మెల్లగా. చాపలక్కకు తల కొట్టేసినట్టయింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ తుంగతోనే బతికిన మనిషి!

ఆ సాయంత్రమే మరిది వచ్చాడు. "చాల్లే వదినా, నీ పిట్టలూ నీ చుట్టాలూ! రేపట్నుంచి మళ్ళీ వలలు వేస్తాం."

"తప్పు నాది, పిట్టలది కాదు. మళ్ళీ నాటుతా. ఒక్క ఏడాది ఆగండి. అవి రాకపోతే మీ ఇష్టం."

"చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే."

"కాలినవి నా చేతులేగా! నీకేం నొప్పి?"

మళ్ళీ ఇంటింటికీ తిరిగి తప్పు ఒప్పుకుని, ఏడాది గడువు అడిగింది. కొందరు తలుపే తీయలేదు. చెరువు అవతలి మూల నుంచి తుంగ దుంపలు పెకలించి తెచ్చి, నడుము లోతు బురదలో ఒక్కతే నాటడం మొదలుపెట్టింది. ఆమె నెత్తిన బురద చూసి పడీ పడీ నవ్వినవాళ్ళే, నాలుగో రోజుకు చీరలు ఎగదోపుకుని దిగారు. ఆ ఏడాదంతా తన చాపలకని ఒక్క పుల్ల కోయలేదు ఆమె. పాత గుడ్డలు చింపి కాళ్ళు తుడుచుకునే పట్టాలు అల్లి అమ్ముకుని నెట్టుకొచ్చింది.

గడువు ఇంకా పది రోజులుందనగా మరో బృందం వచ్చింది. తుంగ మనిషెత్తు పెరిగింది, లోపల ఏముందో కంటికి ఆనడం లేదు. మరిది నడుపుతున్న పడవలో ముందు కూర్చున్నాయన విసుక్కున్నాడు. "ఆ తెడ్డుతో కాస్త పక్కకి నెట్టవయ్యా, ఫొటో తీసుకుంటా."

గట్టు మీద చాపలక్క ఊపిరి బిగబట్టింది.

మరిది తుంగ వైపు చెవి ఒగ్గాడు. ఏళ్ళ తరబడి వలలు వేసినవాడి చెవులు. ఏది తల్లి గొంతో, ఏది పిల్ల గొంతో వాటికి తెలుసు. తెడ్డు నీళ్ళలోంచి తీసి పడవలో అడ్డంగా పెట్టేశాడు.

"కుదరదండీ. లోపల పిల్లలున్నాయి."

చాపలక్క ఉన్నచోటే చతికిలబడి, పదిమందీ చూస్తుండగా వెక్కి వెక్కి ఏడ్చింది.