రెండు గుట్టల ఎలుకలు

ఎనభైల్లో భద్రాచలం నుంచి ఖమ్మం వచ్చే బస్సులో, పొలాల్లో ఎలుకలు పట్టే ఒకాయన ఒళ్లో వెదురు బుట్టతో నా పక్కన కూర్చున్నాడు. బుట్టలో రెండు చిట్టెలుకలు. నేను కాలేజీలో జువాలజీ లెక్చరర్‌ని. మంచుయుగంలో వానలు తగ్గి అడవి ముక్కలైందని, ఒక్కో ముక్కలో చిక్కుకున్న ఎలుకలు వేలయేళ్లకు, ఒకదానితో ఒకటి కలిసినా పిల్లలు పుట్టని వేరే జాతులయ్యాయని గొప్పగా చెప్పాను.

"అవ్ సారూ," అన్నాడు నెమ్మదిగా. "ఆడది మా ఊరి గుట్టది, మగది ఏరు అవతల గుట్టది. సూస్తే ఒక్క తీరే ఉంటయ్. పోయిన వానకాలం సంది ఒక్క బుట్టల పెట్టి సూస్తున్న. పిల్లలు పెట్టలే."

పదకొండేళ్లుగా నోట్సు చదివి రాయించిన నేను ఒక్క ఎలుకనూ ముట్టుకోలేదు. ఆయన పేరైనా అడగలేదు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఏటా ఆ పాఠం రాగానే క్లాసులో చెప్పేవాణ్ణి: "నేనే బుట్టలో పెట్టి చూశాను."