హాస్టల్ వంటింట్లో గోబర్ గ్యాస్

డెబ్బైలలో నేను బాపట్లలో ఒక ఆడపిల్లల హాస్టల్‌కి వార్డెన్‌గా ఉండేదాన్ని. వంటంతా సరుగుడు కట్టెల మీదే. వానాకాలం వస్తే కట్టెలు చెమ్మగిల్లి, పొగ పిల్లల గదుల దాకా పాకేది. వంట చేసే పెద్దావిడని అందరం పిన్నిగారూ అనే పిలిచేవాళ్ళం. ఆవిడ కళ్ళు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి.

పాల కోసం వెనక దొడ్లో హాస్టల్ గేదెలుండేవి. వాటి పేడతో గోబర్ గ్యాస్ ప్లాంటు పెట్టుకుందామని కమిటీ మీటింగులో అడిగాను.

"మన చుట్టుపక్కల ఎవరైనా పెట్టారా?" అన్నారు ప్రెసిడెంటుగారు.

"రేపల్లె దగ్గర ఒక రైతు పెట్టారటండి."

"అయితే చూసొచ్చాక ఆలోచిద్దాం."

ఆ చూసి రావడానికే ఏడాది పట్టింది. ఒకసారి కోతలు అడ్డొచ్చాయి, ఒకసారి ప్రెసిడెంటుగారింట్లో పెళ్ళి. చివరికి కమిటీ పెద్దలు తెనాలిలో బండి మారి రేపల్లె వెళ్ళారు. నీలం మంట చూసి ముచ్చటపడి వచ్చారు. వేసవి సెలవుల్లో గొయ్యి తవ్వించి, ఇనుప డ్రమ్ము దింపించి, వంటింట్లోకి పైపు వేయించి, గట్టు కట్టి గ్యాస్ పొయ్యి పెట్టించారు.

పిన్నిగారు దాన్ని ముట్టుకోలేదు.

"పేడలోంచి వచ్చిన గాలి మీద పప్పు ఉడకేస్తే పిల్లలు తింటారా? ముందు నాకే సయించదు" అన్నారు. పిల్లలూ ఆవిడ వైపే. పొయ్యి వెలిగించకముందే ముక్కులు మూసుకున్నారు. కమిటీవాళ్ళేమో "మేం కట్టించాం, వాడించాల్సింది మీరేనండి" అని చేతులు దులుపుకున్నారు. డ్రమ్ము నిండిపోయి గ్యాసంతా గాల్లో కలిసిపోతుంటే నా ప్రాణం ఉసూరుమనేది.

ఒకరోజు ఉండబట్టలేక, "అసలు మీ ఇబ్బందేంటి పిన్నిగారూ? ఈ పొగకి కళ్ళు పోతున్నాయి కదా" అన్నాను.

ఆవిడ గరిటె కింద పెట్టారు. "వండేది నేను. రేపల్లె వెళ్ళింది వాళ్ళు. వాళ్ళల్లో ఒక్కరైనా ఎప్పుడైనా అన్నం వార్చారా అమ్మాయ్?"

ఆ ఆదివారమే ఆవిడని రైలెక్కించాను. తెనాలిలో బండి మారి, ఇద్దరం రేపల్లె దగ్గర ఆ రైతు ఇంటికి వెళ్ళాం. రైతు భార్య మమ్మల్ని నేరుగా వంటింట్లోకి తీసుకెళ్ళింది. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. వాళ్ళిద్దరికీ నాతో పని లేదు.

"పాలు వాసనేస్తాయా అమ్మా?"

"లేదక్కయ్యగారూ, మీరే తాగి చూడండి."

"గిన్నెలు మసి పట్టవూ?"

"అస్సలు పట్టవండి. కాకపోతే చలికాలం గ్యాస్ తగ్గుద్ది. అప్పటికి నాలుగు కట్టెలు ఉంచుకోవాలి."

ఆ చివరి మాట చెప్పకపోతే పిన్నిగారు నమ్మేవారు కాదేమో. అందులో ఉన్న లోటు కూడా ఎవరో ఒకరు దాచకుండా చెప్పడం అదే మొదటిసారి. పాలు తాగారు. తిరుగు ప్రయాణంలో మాత్రం పట్టుబట్టారు.

"మన పొయ్యి గట్టు మరీ ఎత్తుగా కట్టారు. అంత ఎత్తు నుంచి గుండిగ దించితే నా నడుం విరిగిపోద్ది. తగ్గించు."

మేస్త్రీ ఒక్క పూటలో తగ్గించేశాడు. గట్టు ఆరాక ఒక పొద్దున పిన్నిగారే అగ్గిపుల్ల గీసి కాఫీకి పాలు కాచారు. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకుంటూ తాగారు. ఏ వాసనా లేదు. వారం తిరక్కుండా ఆ గొడవే మరిచిపోయారు.

అన్నం మాత్రం కట్టెల మీదే సాగింది. మా గేదెల పేడ అంతమందికి చాలేది కాదు. కాఫీలు, కూరలు, చారు గ్యాస్ మీదికి మారాయి. ప్లాంటులోంచి వచ్చే పేడనీళ్ళు పెరట్లో వంగమొక్కలకి పెట్టాం.

మరుసటి ఏడు కమిటీ మీటింగు జరుగుతుంటే పిన్నిగారు పిలవకుండానే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు.

"ఇంకో రెండు గేదెల్ని కొనండి బాబూ. అన్నం కూడా దానిమీదే వండేస్తాను" అన్నారు.

నేను ప్రెసిడెంటుగారి వైపు చూశాను. ఆయన లేచి, ఆవిడకి కుర్చీ జరిపారు.

"కూర్చుని చెప్పండమ్మా. ఎలాంటి గేదెలైతే బాగుంటాయంటారు?"