బాబాయికి వేయని కొసరు

మొన్న ముంచింగిపుట్టు సంతలో, జ్వరం నీరసం వల్లనేమో, జన్మలో మొదటిసారి బేరమాడకుండా మిరియాలు కొన్నాను. అమ్మే ముసలమ్మ నన్ను ఎగాదిగా చూసి, "ఏటి బాబూ, బేరమాడవేటి? ఒంట్లో బాగులేదా?" అంటూ పైన ఓ గుప్పెడు కొసరు వేసింది.

అదే సంతలో మా నాన్నకు కిరాణా కొట్టుండేది. బేరమాడేవాళ్లకు ధర తగ్గించాలి, నోరు లేనివాళ్లకు అడక్కుండానే కొసరు వేయాలి అన్నది ఆయన నియమం. ఆ కొట్లో పెరిగిన నేను విశాఖపట్నంలో ఒక ఫ్యాక్టరీ కంప్యూటరు హాల్లో తేలాను. చింతపల్లి చలిని గాజు తలుపుల వెనక బంధించినట్టుండే ఆ హాల్లో, స్వెట్టరు వేసుకుని రోజంతా ఒంటరిగా కూర్చునేవాణ్ణి. ఉన్న ఒక్క మెయిన్‌ఫ్రేమ్‌నే వర్చువల్ మెషీన్లుగా విడగొట్టి, ప్రతి విభాగానికీ సొంత కంప్యూటరున్నట్టు నమ్మించేవాళ్లం. ఎవరికెంత మెమరీ, డిస్కు మీద ఎంత పేజింగ్ చోటు అన్నది నేను తేల్చాలి. మెమరీ అంటే కొట్లో చేతికందే సరుకు, పేజింగ్ చోటంటే అటక. అటక మీది సరుకు కావాలంటే నిచ్చెన వేసి దించేదాకా అడిగినవాడు నిలబడాల్సిందే.

అందరూ రెట్టింపు అడిగేవారు, నేను గంటసేపు బేరమాడి సగానికి తెగ్గొట్టేవాణ్ణి. నిజం చెప్పొద్దూ, ఆ బేరాల కోసమే ఎదురుచూసేవాణ్ణి; అవి లేకపోతే నాతో మాట్లాడే దిక్కెవరు?

స్టోర్సులో పనిచేసే, నాకు వరసకు బాబాయయ్యే ఆయన మాత్రం ఎన్నడూ అడగలేదు. "మాకేటి, ఉన్నది సాల్రా గుంటడా" అనేవాడు. గట్టిగా అరిచే విభాగాలకు మెమరీ కేటాయించినప్పుడల్లా, నోరెత్తడు కదా అని ఆయన మెషీనునే కొంచెం కొంచెంగా అటకెక్కించాను. ఉన్నదాంతోనే నెట్టుకొస్తున్నానని పై అధికారి మెచ్చుకుంటే, లేని మీసం దువ్వుకున్నాను.

ఒకనాడు బాబాయి ముందస్తు రిటైర్మెంటు కాగితం పట్టుకొచ్చాడు. "నా సెయ్యి మొద్దయిపోనాదిరా. మీట నొక్కి టీ తాగొచ్చినా తెర కదల్దు. పక్కోళ్లు బేగి సేసేత్తన్నారు. ఇంక నాను పనికిరాను."

ఆ నెమ్మది ఆయన చేతిది కాదు, నా పంపకానిది. ఆ ఒక్క మాట అంటే కాగితం అక్కడే చింపేసేవాడు. కానీ నా గొప్పంతా డొల్లని బయటపడుతుందే! "విశ్రాంతి తీసుకో బాబాయ్, పెద్దవాడివయ్యావు" అన్నాను.

ఆయన వెళ్లిపోయాక సిగ్గుపడి స్టోర్సుకు మెమరీ పెంచాను. ఆ కుర్చీలోకి వచ్చిన కొత్తమ్మాయి, "భలే స్పీడండీ ఈ మెషీను" అని సంబరపడింది. బాబాయి తన చేతినే తిట్టుకుంటూ చింతపల్లిలో కన్నుమూశాడని తర్వాతెప్పుడో విన్నాను.

ఇప్పుడు మెమరీ కోసం ఎవరూ ఎవరి తలుపూ తట్టనక్కర్లేదట, కావలసినంత దానంతటదే వచ్చేస్తుందట. మంచిదే. నా తలుపూ ఎవరూ తట్టడం లేదు. కొన్న మిరియాలే నా ఒక్కడికి ఎక్కువ. ఆ కొసరు గుప్పెడు మాత్రం వేరే సీసాలో పోసి ఉంచాను. అది ఎవరికి చెందాలో నాకు తెలుసు. పుచ్చుకోవడానికి ఆయనే లేడు.