ఒడి కుడుకల నూనె

కొబ్బరి నూనె గుండెకు మంచిదన్న కబురు మా ఇళ్లకు మొదట మోసుకొచ్చింది మా చిన్నాయన, నాన్నకు తమ్ముడు. ఉద్యోగం నుంచి దిగిపోయాక ఆయన చేతిలో ఫోను, ఫోనులో వీడియోలు, నోట్లో సలహాలు. ఆయన తాండూరులో మా అన్నను చూడటానికి వచ్చిన రోజు నేనూ వికారాబాద్ నుంచి రైలెక్కి అక్కడికే వెళ్లి ఉన్నాను. అన్నకు అంతకుముందే గుండెలో స్టెంటు వేశారు. కోలుకుని, నాపరాళ్ల పాలిషింగ్ దగ్గర మళ్లీ పనిలోకి పోతున్నాడు. గోలీలు మాత్రం బతికినన్నాళ్లూ మానొద్దని డాక్టరు గట్టిగా చెప్పి పంపాడు.

"గోలీలు గీలీలు ఏందిరా, అదంత కంపెనోల్ల దందా," అన్నాడు చిన్నాయన, కుర్చీలో కాళ్లు పైకి మడుచుకుని. "పొద్దుగాల్ల పరగడుపున చెంచడు కొబ్బరి నూనె తాగు. కూరలల్ల గదే వొయ్యి. నరాలల్ల ఉన్న కొవ్వంత కడుక్కపోతది. షుగరు, థైరాయిడు, మతిమరుపు, అన్నిటికి గదే మందు."

"గన్ని రోగాలు వోతె దవాఖానలెందుకు మామా, ఊరికో గానుగ వెట్టుకుంటె సాలదా?" అంది మా వదిన చాయ్ అందిస్తూ.

చిన్నాయన విననట్టే చాయ్ ఊదుకున్నాడు. అన్న నవ్వాడు. కానీ చిన్నాయన మాట అన్నకు పట్టుకుంది. గోలీల డబ్బా కనబడితే చాలు, తను రోగినన్న సంగతి గుర్తొచ్చేది ఆయనకు. నూనె అయితే వంటింట్లో సామాను. తాగితే రోగి అనిపించుకోనక్కర్లేదు.

మా వైపు పుట్టింటివాళ్లు ఆడపిల్లకు ఒడిబియ్యం పోస్తారు. పసుపు కలిపిన బియ్యంతో పాటు ఎండు కొబ్బరి కుడుకలు ఒడిలో పెడతారు. ఆ ఏడు అన్న నాకు ఒడిబియ్యం పోశాడు. చుట్టాల పెళ్లిళ్లలో వచ్చినవి కూడా కలిసి మా ఇంట్లో డబ్బా నిండా కుడుకలు. అన్న వికారాబాద్ వచ్చినప్పుడు ఆ డబ్బా మూత తీసి చూశాడు.

"పురుగు వట్టిపోతయ్ చెల్లె. గానుగ వట్టిస్త. దేవుని ముంగట నీ ఒడిల వడ్డయి, గీ నూనెకు మించిన మందుంటదా?"

వదినకు సంగతి తెలిసి నా ఫోనుకే చేసింది. అన్నను పక్కన కూర్చోబెట్టి స్పీకరు పెట్టాను. "ఆడపిల్ల ఒడిల వోసినయి మల్ల మనింట్లకు తెచ్చుకోవద్దయ్యా. తప్పంటరు," అంది. అంతవరకూ గోలీలు ఉండగా నూనె ఎందుకని మొత్తుకుంటే ఆయన చెవిన పెట్టలేదు. అందుకే ఆఖరుకు ఆచారాన్ని అడ్డం పెట్టింది, అదైనా ఆపుతుందేమోనని. "చెల్లెది నాది వేరేనా?" అని అన్న డబ్బా సంచిలో వేసుకుని రైలెక్కాడు.

మా ఇళ్లలో వంటకు పల్లి నూనె, తలకు కొబ్బరి నూనె. ఆ కుడుకలు గానుగ పట్టించాక అన్న ఇంట్లో కందిపప్పు పోపు నుంచి వంకాయ కూర దాకా ఒకటే వాసన.

"గీ పప్పు తినాల్నా, నెత్తికి రాసుకోవాల్నా?" అనేది వదిన.

"రెండు జెయ్. ఎంటికెలు గూడ వెరుగుతయ్," అనేవాడు అన్న.

రుచికి బాగానే ఉండేది, అబద్ధమెందుకు. దాని మేలు దానికి ఉంది. కానీ నూనె చెంచా నోట్లోకి వెళ్లినప్పటినుంచి గోలీ వెళ్లడం ఆగిపోయింది. రోజూ పొద్దున వదిన ఒక చేతిలో నీళ్ల గ్లాసు, ఒక అరచేతిలో గోలీ పట్టుకుని తలుపు దగ్గర నిలబడేది. ఆయన చెప్పులేసుకుని పక్కనుంచి వెళ్లిపోయేవాడు.

ఒకరోజు రాళ్ల దగ్గరే ఛాతీ పట్టుకుని కూర్చుండిపోయాడు. తాండూరు దవాఖానకు తీసుకుపోయే సరికే అయిపోయింది. నేను చేరేసరికి డాక్టరు వదినతో మాట్లాడుతున్నాడు. గోలీలు ఎందుకు మానేశారని అడిగాడు. ఆమె నూనె సంగతి చెప్పింది. "తలకు రాసుకోండమ్మా, ఎప్పుడైనా కూరలో రుచికి వేసుకోండి. ఇట్లాంటి గుండెకు రోజూ తాగితే చెడ్డ కొవ్వు ఇంకా పెరుగుతుంది. గోలీ చేసే పని అది చేయదు," అన్నాడు. చిన్నాయన అప్పటికి ఇంకా రాలేదు.

పదకొండో రోజు ఆడవాళ్ల మధ్య మా పెద్దమ్మ అంది: "ఆడబిడ్డ ఒడిల కుడుకలు తెచ్చుకోని వండుక తిన్నది. ఇల్లు నిలుస్తదా?"

వదిన అక్కడే ఉంది, తల వంచుకుని.

"తెచ్చింది అన్న. వదిన వద్దనే అన్నది. గోలీలు దందా అన్నది చిన్నాయన," అన్నాను, బయట మగవాళ్లకు కూడా వినబడేలా.

"నేను మంచికే జెప్పిన," అన్నాడు చిన్నాయన గడపవతల నుంచి. "నూనెల దోషం లేదు. దోషమంత గా కుడుకలల్లనే ఉన్నది."

అందరికీ ఆ మాట నచ్చింది. నూనె మంచిదే, చిన్నాయన మంచివాడే, పోయినవాడు మంచివాడే. ఇక మిగిలింది వదిన ఒక్కతే.

మిగిలిన నూనె సీసాను ఎవరూ ముట్టుకోలేదు. నేనే తెచ్చుకుని మా ఇంట్లో స్వామి ముందు దీపానికి పోశాను. చక్కగా వెలిగింది. దేవుడికి లేని పట్టింపు మనుషులకు ఎందుకో నాకు అర్థం కాలేదు.

మొన్న పరిగిలో చుట్టాల పెళ్లి. వదినను పిలవలేదు. పంక్తిలో మా ఎదురుగా చిన్నాయన, పక్కనున్న పెద్దమనిషికి చెబుతున్నాడు: "పరగడుపున చెంచడు. గానీ బజార్ల కొన్నదే తాగుండ్రి, ఒడిల కుడుకలయి మాత్రం వద్దు." ఆ పెద్దమనిషి తల ఊపాడు. నేను విస్తరి ముందు నుంచి లేచాను. వాళ్లావిడను పక్కకు పిలిచి, "అమ్మా, గోలీలు మాత్రం బంద్ వెట్టనియ్యకు," అని చెప్పి వచ్చేశాను.

నేను బడికి పోలేదు. అన్నే ఇంట్లో పలక మీద అక్షరాలు దిద్దించాడు. ఆ అక్షరాలతోనే ఇది రాస్తున్నాను. ఆ రుణం తీరదు, స్వామికి రోజూ చెప్పుకుంటాను. అన్నను తలచుకోవడానికి నేనున్నాను. మిమ్మల్ని అడిగేది వదిన గురించే. మీ ఇంట్లో ఎవరైనా గోలీ పక్కనపెట్టి నూనె చెంచా ఎత్తితే, గ్లాసు పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డ ఆమెను ఒక్కసారి యాది చేసుకోండి.