గోదావరి మీద మోగిన హాలేజీ గంట

దయ్యం కనిపించిందని ఎవరైనా చెబితే, ఎన్ని గజాల దూరంలో, ఎంతసేపు అని అడిగే మనిషిని నేను. సరైన జవాబు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. పదో తరగతి తప్పాను గానీ లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. కొలతకు రానిదాన్ని నమ్మే అలవాటు లేదు.

గోదావరిఖనిలో ఒక భూగర్భ గనిలో హాలేజీ ఇంజన్ నడుపుతాను. ఇనుప తాడుతో బొగ్గు టబ్బులను పైకి లాగే ఇంజన్ అది. కింద చీకట్లో టబ్బులను తాడుకు తగిలించేది మా అక్క భర్త, రాజన్న బావ. పంతొమ్మిదేళ్లు ఆయన కింద గంట కొట్టాడు, నేను పైన ఇంజన్ తిప్పాను. డ్యూటీలో ఒకరి ముఖం ఒకరికి కనిపించదు. ఒక గంట అంటే ఆపు. మూడంటే మెల్లగా లాగు. ఎందుకని అడిగేది ఉండదు.

బావకు చేపల పిచ్చి. ఇద్దరం కలిసి మోటారున్న పాత ఫైబర్ పడవ కొన్నాం. ఆయన దాంట్లో ఒక్కసారి కూడా ఎక్కకముందే జబ్బు చేసి పోయాడు.

అస్థికల కుండను అక్క వదల్లేకపోయింది. రెండుసార్లు రేవుకు తీసుకుపోతే రెండుసార్లూ కుండతోనే ఇంటికొచ్చింది. పన్నెండో రోజు, "మీ బావను ఆ పడవల్నే తీస్కపోవాలె తమ్మీ" అన్నది. పడవ నడపడంలో నాకున్నది రెండు పూటల అనుభవం. ఆమెకు ఈత రాదు.

ఆ ఉదయం నీళ్లలో ఎండుపుల్ల వేసి ప్రవాహం కొలిచాను. నిమిషానికి ముప్పై అడుగులు. పడవ ముక్కు ఎంత ఎగువకు పెట్టాలో లెక్క కట్టాను. గాలిని లెక్కలోకి తీసుకోలేదు. గనిలో గాలి అంటే ఊపిరాడుతుందా లేదా అని చూసుకోవడమే. అది తోస్తుందన్న ఆలోచనే రాలేదు.

రెండు వందల గజాలు పోగానే గాలి పడవ ముక్కును పక్కకు తిప్పేసింది. మోటారు కర్ర ఎడమకు నెడితే పడవ కుడికి పోతుంది. భయంలో అది తిరగేశాను. అలలు పక్కనుంచి కొట్టి నీళ్లు లోపల పడ్డాయి. ఒళ్లో కుండతో ముందు కూర్చున్న అక్క వెనక్కి తిరిగి, "బొగ్గు గుంజుతున్నవార, మనిషిని తీస్కపోతున్నవార?" అన్నది. లోడు మొరాయిస్తే ఇంజన్‌కు ఇంకా వేగం ఇవ్వడం నా చేతికి అలవాటు. అదే చేశాను.

అప్పుడు కాళ్ల కింద గంట మోగింది. ఒక్కటి. ఇనుము మీద ఇనుము కొట్టిన చప్పుడు.

నా చెయ్యి దానంతటదే వేగం తగ్గించేసింది. ముందు రెండు గజాల్లో, నీటికి జానెడు కింద, మునిగిన తుమ్మ మొద్దు. గాలి పడవను దాని పక్కగా తోసుకుపోయింది.

మొద్దు దాటాక మూడు వినిపించాయి. మెల్లగా ఇచ్చాను. పడవ మాట విన్నది.

నది మధ్యలో మోటారు ఆపాక అక్క కుండను గుండెకు పట్టుకొని చాలాసేపు కూర్చున్నది. నేను తొందరపెట్టలేదు. తర్వాత తనే వంగి, రెండు చేతులతో నీళ్లలోకి వదిలింది.

ఒడ్డు చేరాక, గంటలు విన్నవా అని అడిగాను.

"విన్న. రెండు కొట్టిండు. రెండంటే దించుమనుడే కద. ఇన్నేండ్ల సంసారంల గది తెల్వదార నాకు?"

"అంతకుముందు?"

"అంతకుముందు నీ మోటరు లొల్లే."

ఆ రెండు గంటలు నేను వినలేదు. ఒకటీ, మూడూ ఆమె వినలేదు. మా మధ్య ఉన్నది ఆరడుగులు. పడవలో మోటారు తప్ప ఇనుము లేదు. తర్వాత నాలుగుసార్లు ఒంటరిగా వెళ్లి, పడవ అడుగున రెంచీతో, రాయితో కొట్టి చూశాను. ఆ చప్పుడు రాలేదు.

ఆ మధ్యాహ్నం అక్క పన్నెండు రోజుల తర్వాత మొదటిసారి కడుపునిండా తిని నిద్రపోయింది. అది ఎట్లా జరిగిందో చెప్పడానికి నా దగ్గర ఇప్పటికీ ఏ లెక్కా లేదు.