బదులు అందేదాకా మోగిన డబ్బా

దెయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మడం నాకు కుదరదు కూడా. మా ముసునూరు చుట్టుపక్కల చెప్పుకునే దెయ్యాల్లో సగం నేను పుట్టించినవే. పంపు షెడ్డులో తెల్లచీర నాదే. చాట్రాయి రోడ్డులో లిఫ్టు అడిగే ముసలాయన నావాడే. పుట్టించినవాడికి భయం ఎక్కడిది?

కాబట్టి ఇది చదివి "మళ్ళీ మొదలెట్టాడు" అనుకునేవాళ్లను నేనేమీ అనను. ఈసారి మాత్రం ఒక్క ముక్క కలపలేదు. కలిపే ఓపిక కూడా లేదు. ఆ హోటల్ తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

సంగతి ఇదీ. మా అమ్మాయి హిమజకు పుణేలోని ఒక విత్తనాల కంపెనీలో ఉద్యోగానికి ఆఖరి ఇంటర్వ్యూ, ఆన్‌లైన్‌లో. అంతకుముందు ఇంకో కంపెనీ ఇంటర్వ్యూకు ఇంట్లోనే కూర్చుంది. మామిడికాయల సీజను. వాకిట్లో లారీ లోడింగు, కూలీల కేకలు, అందరికంటే పైన నా గొంతు. "మీ వెనకాల చాలా గోలగా ఉంది, మళ్ళీ మాట్లాడదాం" అని పెట్టేశారు. మళ్ళీ మాట్లాడలేదు. పిల్ల నన్ను ఒక్క మాట అనలేదు. మూడు రోజులు అన్నం మాత్రం సరిగా తినలేదు.

అందుకే ఈసారి నూజివీడు బయట కొత్తగా కట్టిన పెద్ద హోటల్లో రూము తీసుకున్నాను. పాలరాతి లాబీ, గాజు లిఫ్టు, గోడ నిండా మామిడిపండ్ల పెయింటింగు. బుక్ చేసేటప్పుడే చెప్పాను. నాకు స్విమ్మింగ్ పూల్ వద్దు, బఫే వద్దు, పదకొండున్నర నుంచి ఒక గంట చప్పుడు లేకుండా ఉంటే చాలు. "షూర్ సర్" అంది ఫోన్లో రిసెప్షన్ అమ్మాయి.

పొద్దున తొమ్మిదింటికి వెళితే రూము రెడీగా లేదు. నలభై నిమిషాలు లాబీలో కూర్చోబెట్టారు. వైఫై పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు ఇచ్చారు. కాఫీ అడిగితే టీ వచ్చింది, అదీ చల్లారిపోయి. అన్నీ మింగాను.

పదిన్నరకు చప్పుడు మొదలైంది.

రేకు డబ్బా మీద కర్రతో కొట్టినట్టు మూడు దెబ్బలు. ఆ వెనకే "హో...య్" అని సాగదీసిన కేక. కాసేపు ఆగి మళ్ళీ మూడు దెబ్బలు. కబోర్డు ఉన్న గోడలోంచి వస్తున్నట్టుంది.

రిసెప్షన్‌కు ఫోన్ చేశాను. "ఐదు నిమిషాల్లో చెక్ చేయిస్తాం సర్." ఐదు నిమిషాలకు మళ్ళీ చేశాను. అదే మాట. నాలుగోసారి, "అటువైపు రూములే లేవు సర్, అది బిల్డింగ్ చివరి గోడ" అంది.

"రూము లేకపోతే గోడే డబ్బా కొట్టుకుంటోందా అమ్మా?" అన్నాను.

"మెయింటెనెన్స్ వాళ్లకి చెప్తాను సర్."

ఎవరూ రాలేదు. నేనే కిందికి దిగి చూశాను. మా రూము ఉన్న మూడో అంతస్తు దాకా నున్నటి గోడ. పైపు లేదు, నిచ్చెన లేదు, మనిషి లేడు. కింద గడ్డి, రెండు తెల్లకుర్చీలు. పైకి వచ్చేసరికి హిమజ ల్యాప్‌టాప్ ముందు చేతులు బిగించుకుని కూర్చుంది.

"మళ్ళీ ఇదేనా నాన్నా" అంది. ఆ "మళ్ళీ" నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

ఆ చప్పుడు ఏమిటో నాకు తెలుసు. మా వైపు తోటల్లో కోతుల గుంపు దిగితే కాపలావాడు ఇలాగే మూడు దెబ్బలు కొట్టి కేక వేస్తాడు. గుంపు నీ వైపు వస్తోంది, చూసుకో అని పక్క తోటవాడికి చెప్పడం అది. పక్కవాడు రెండు దెబ్బలు కొట్టి కేక తిప్పి పంపాలి. పంపకపోతే నిద్రపోయాడనుకుని, బదులు అందేదాకా ఇవతలివాడు కొడుతూనే ఉంటాడు. చిన్నప్పటి నుంచి అలా బదులు కొట్టిన చెయ్యి నాది.

కోపమో, అలవాటో. బాత్‌రూములో ఉన్న స్టీలు చెత్తబుట్ట తిరగేసి, చెక్క హ్యాంగరుతో రెండు కొట్టి, "హోయ్" అన్నాను.

చప్పుడు ఆగిపోయింది.

హిమజ నన్ను అదోలా చూసింది. "ఇందాకట్నుంచి నువ్వేనా?" అంది. ఊళ్లో నాకున్న పేరు అలాంటిది. కన్నకూతురు దగ్గర కూడా పనిచేస్తోంది.

పావుగంటకు మళ్ళీ మోగింది. బదులు ఇచ్చాను, ఆగింది. అప్పటికి పదకొండుంపావు. ఆలోచించే టైము లేదు. చెత్తబుట్ట తీసుకుని కారిడార్‌లోకి వచ్చి, తలుపు దగ్గరికి లాగి, కార్పెట్ మీద బైఠాయించాను. తలుపు మందమైనది. మొదటి దెబ్బ వినబడగానే బయటి నుంచే బదులు కొట్టేస్తే ఇంటర్వ్యూకు అడ్డం ఉండదు. కోట్లు పోసి కట్టిన హోటల్లో నాకు దొరికిన సర్వీసు ఇదీ, కాపలా ఉద్యోగం.

పదకొండున్నరకు లోపల హిమజ గొంతు మొదలైంది. పది నిమిషాలకు గోడ మోగింది. మెల్లగా బదులిచ్చాను, సద్దుమణిగింది.

అప్పుడు వచ్చాడు మేనేజరు, టై కట్టుకుని.

"సర్, మీ మీద కంప్లైంట్ వచ్చిందండి. కారిడార్‌లో డబ్బా కొడుతున్నారట."

"గంట నుంచి నేను ఫోన్ చేస్తే రాలేదు. నా మీద చెప్పగానే రెండు నిమిషాల్లో వచ్చారు. సర్వీసు బ్రహ్మాండంగా ఉందండి."

"ఇక్కడ ఏ చప్పుడూ లేదండి. ఫ్లోరంతా సౌండ్‌ప్రూఫ్. అది ఇటివ్వండి సర్."

"లోపల మా పిల్ల ఉద్యోగం నడుస్తోంది. వదలండి."

"ముందు మీరు వదలండి సర్."

ఇద్దరం చెరోవైపు పట్టుకుని గుంజుకున్నాం. చివరికి ఆయనే లాక్కుని వీపు వెనక దాచుకున్నాడు. నేను చెయ్యి చాచేలోపే మోగింది. మూడు దెబ్బలు, కేక.

మేనేజరు మొహం చూశాను. ఆయనకు వినబడింది.

నా దగ్గర కొట్టడానికి ఏమీ లేదు. కనీసం కేకైనా వేద్దామని నోరు తెరిచాను. అంతలో రూము లోపల నుంచి రెండు దెబ్బలు వినబడ్డాయి. ఆ వెంటనే "హోయ్" అని బదులు. వయసు మళ్లిన మగగొంతు. తర్వాత నిశ్శబ్దం.

"లోపల ఎవరున్నారండి?" అన్నాడాయన మెల్లగా.

"మా అమ్మాయి ఒక్కతే."

తలుపు తెరిస్తే ఇంటర్వ్యూ చెడుతుంది. తెరవకపోతే లోపల పిల్ల ఉంది. హ్యాండిల్ మీద చెయ్యి వేసేశాను. అప్పుడు హిమజ గొంతు వినబడింది. తొణక్కుండా ఇంగ్లీషులో ఏదో వివరిస్తోంది, మధ్యలో నవ్వింది కూడా. చెయ్యి తీసేశాను. ఆ తర్వాత గోడ మోగలేదు. మేనేజరూ నేనూ తలుపు ముందే నిలబడ్డాం.

పన్నెండున్నరకు తనే తలుపు తీసింది. మొహం వెలిగిపోతోంది.

"బాగా జరిగింది నాన్నా. మధ్యలో లోపలికొచ్చి ఆ కేకేంటి? గుండె ఆగినంత పనైంది."

"వాళ్లేమన్నారు?"

"నీ వెనకాల ఆయనెవరు అని అడిగారు. మా నాన్న, కోతుల్ని తోలే అలవాటు అని చెప్పా. నవ్వేశారు. అక్కణ్నుంచి అన్నీ తోటల మీదే ప్రశ్నలు."

"నువ్వు వెనక్కి తిరిగి చూశావా?"

"కెమెరా ముందు తిరుగుతానా? భలేవాడివే."

రూముకు ఉన్నది ఒక్కటే తలుపు. దానికి ఇవతల మేమిద్దరం. కిటికీ అద్దం తెరుచుకునే రకం కాదు. కబోర్డు, బాత్‌రూము, మంచం కింద, అన్నీ వెతికాను. మేనేజరు గుమ్మం దాటి లోపలికి రాలేదు.

తర్వాత హోటల్‌కు పెద్ద కంప్లైంట్ రాశాను. "మా ఆతిథ్యం మీకు నచ్చినందుకు ధన్యవాదాలు" అని జవాబు వచ్చింది. ఒళ్లు మండి మేనేజరుకు ఫోన్ చేస్తే, "ఆ రోజు ఏ చప్పుడూ లేదండి" అన్నాడు. అబద్ధం ఎలా చెప్పాలో నాకు తెలుసు. ఆయనకు చేతకాలేదు.

ఆ స్థలం ఒకప్పుడు మామిడితోటే. నూజివీడులో తోట కాని నేల ఏది? అక్కడ కాపలా ఎవరుండేవారో, ఏమయ్యారో చాలామందిని అడిగాను. ఎవరికీ తెలియదు. కావాలంటే సాయంత్రానికల్లా ఒక కథ అల్లగలను. అల్లలేదు.

హిమజకు ఉద్యోగం వచ్చింది. చేరిన నెలకు ఫోన్ చేసింది. ఇంటర్వ్యూ చేసినవాళ్లలో పెద్దాయన క్యాంటీన్‌లో పలకరించి, "మీ నాన్నగారు బాగున్నారా? ఆ ఎర్ర తలపాగా రోజూ కట్టుకుంటారా?" అని అడిగాడట.

నేను జన్మలో తలపాగా చుట్టలేదు.

"ఆ రోజు నువ్వు తలపాగా ఎప్పుడు కట్టావు నాన్నా?" అంది. నవ్వుతూనే అడిగింది గానీ, చివర్లో గొంతు కొంచెం సన్నబడింది. పుణేలో ఆ పిల్ల ఒక్కతే రూములో ఉంటోంది.

"తువ్వాలు చుట్టుకున్నాలేమ్మా, ఏసీకి తల నొప్పిగా ఉంటే" అన్నాను.

ఈ మొత్తం వ్యవహారంలో నేను ఆడిన అబద్ధం అదొక్కటే. మిగతాది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు.