నిదానంగారి సర్వర్

ఆఫీసులో ఆయన్ని అందరూ నిదానంగారనే అంటారు. కొండల అవతలి సర్వర్‌లో కొత్త లినక్స్ కెర్నెల్‌ను, అంటే యంత్రాన్ని నడిపే మూల ప్రోగ్రామ్‌ను, పరీక్షించడం ఆయన పని. ఆ సర్వర్ మొండికేస్తే, దాన్ని మళ్లీ లేపే బటన్ నొక్కడానికి ఒక రోజు ప్రయాణం చేయాలి. అందుకే కొత్తదాన్ని ఒక్కసారికే నడిపి, అది కూలిపోతే పాతదానితో సర్వర్ దానంతటదే లేచేలా ముందే కట్టుదిట్టం చేస్తారు. కమాండ్‌ను వేలు పెట్టి మూడుసార్లు చదివి, కళ్లద్దాలు తుడుచుకుని, అప్పుడు గానీ ఎంటర్ నొక్కరు.

ఆ మధ్యాహ్నం నొక్కగానే తెర మూగబోయింది. ఆయన టీ కప్పు పట్టుకుని, కిటికీలోంచి చూస్తూ ఆలోచనల్లో మబ్బుల వెంట ఎటో వెళ్లిపోయారు. ఆరు నిమిషాలకు సర్వర్ పలికింది, పాత కెర్నెల్‌తోనే.

“కొత్తది పడిపోయిందిగా సార్, నవ్వుతారేంటి?” అంది పక్క కుర్చీలోని అమ్మాయి.

“పడితే పడనీ అమ్మా. ఇంటికి దారి మరిచిపోలేదు, చూశావా!” అని, ఎప్పుడో చల్లారిన టీని ఊదుకుంటూ తాగారాయన.